పదకొండో దారం

హైదరాబాద్ నుంచి హామ్ రేడియో పిల్లలు ఈ పని గురించి రాయమని మొదటిసారి అడిగినప్పుడు నాకు అ ఆలు రావు. ఫోన్లో చెబితే తామే రాసుకుంటామన్నారు. వద్దన్నాను. నేను చెప్పింది ఇంకొకరు రాస్తే అందులో ఏది ఉంచారో, ఏది తీసేశారో నాకెలా తెలుస్తుంది? కామారెడ్డిలో మా వాడ అంగన్‌వాడీ టీచరు స్వరూప, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నన్ను కూర్చోబెట్టి పలక మీద నేర్పింది. అప్పటికి నాకు అరవై దాటాయి. చదవడం ఒక ఏడాదికి వచ్చింది. రాయడం ఇంకో ఏడాదికి వచ్చింది. ఆ తర్వాత కూడా ఒక ఏడాది ఊరికే గడిచింది. ఆ ఏడాదికి అక్షరాలు కారణం కాదు. అదేమిటో చివర్లో చెబుతాను, ముందు పని సంగతి.

నా పేరు సాయవ్వ. ముప్ఫై ఐదేళ్ళు వాల్వు సెట్లు, అంటే లోపల గాజు గొట్టాలు వేడెక్కి పనిచేసే రేడియోలు, బాగుచేశాను. పాటలు వినే రేడియోలు కాదు. హామ్‌లు, అంటే లైసెన్సు ఉన్నవాళ్ళు, ఇంట్లో కూర్చుని దేశాల అవతలివాళ్ళతో మాట్లాడుకునే సెట్లు. మాట పంపడానికీ వినడానికీ ఒకటే పెట్టె. ఇప్పుడు చేయడం లేదు. కంటికి ఆపరేషన్ అయింది, కుడిచేయి వణుకుతుంది. ఈ పని మీద ప్రేమ ఉందా అని అడుగుతారు. ఉండేది. ఇప్పుడు మెడ నొప్పి మిగిలింది.

బీడీల నుంచి కాయిళ్ళకు

నాకు ఈ పని నేర్పింది రాజలింగం సార్. మిలిటరీలో సిగ్నల్స్ విభాగంలో చేసి వచ్చి, స్టేషన్‌కు పోయే తోవలో దుకాణం పెట్టాడు. ఆయనకూ లైసెన్సు ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడానికి మనిషి కావాలని, మా వాడకు వచ్చి అందరికంటే గట్టిగా బీడీలు చుట్టేది ఎవరని అడిగాడట. నన్ను చూపించారు. ఒక తీగ చుట్ట నా చేతికిచ్చి, "బీడీ మీద దారం చుట్టినట్టే. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కొద్దు, అంతే" అన్నాడు. ఆ అంతే అన్నది నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

రెసిస్టర్ల మీద విలువ అక్షరాల్లో ఉండదు, రంగు గీతల్లో ఉంటుంది. నలుపు సున్న, గోధుమ ఒకటి, ఎరుపు రెండు. సార్ ఒక్కసారి చెప్పాడు, నేను మర్చిపోలేదు. బీడీ కట్టల లెక్కతో అంకెలు నాకు ముందే వచ్చు. ఒకరోజు ఆయన కళ్ళద్దాలు లేక తడుముకుంటుంటే పక్క నుంచి నేనే విలువ చెప్పాను. "నీకు చదువు రాదని ఎవరన్నరు, గిది చదువుతలేవా?" అన్నాడు. ఆ మాట మీద చాలా ఏళ్ళు బతికాను.

ఆయన మంచి గురువు. అయినా ఒక మాట చెప్పాలి. దుకాణం మధ్యలో పరదా ఉండేది. సెట్లు పరదా వెనక నేను విప్పేదాన్ని, పరదా ముందు ఆయన ఇచ్చేవాడు. ఎవరు బాగుచేశారని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు అప్పుడు బాధ లేదనుకున్నాను. తర్వాత జరిగినదాన్ని బట్టి చూస్తే ఉంది.

ఎడమ చేయి నడుముకు

కొత్తగా వచ్చేవాళ్ళు మొదట నేర్చుకోవాల్సింది లోపం వెతకడం కాదు, బతికి ఉండటం. ఈ సెట్లలో ఎనిమిది వందల వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. దాన్ని మెల్లగా ఖాళీ చేయడానికి ఒక రెసిస్టర్ పెడతారు. దాన్ని బ్లీడర్ అంటారు. అది బాగుంటే నూరు లెక్కపెట్టేలోపు అంతా దిగిపోతుంది.

మా దుకాణంలో పద్ధతి ఇది. ప్లగ్గు పీకాలి. నూరు లెక్కపెట్టాలి. తర్వాత మేకుకు వేలాడే కర్ర తీసుకోవాలి. దాని కొసకు ఇత్తడి కొక్కెం, కొక్కెం నుంచి సెట్టు ఇనుప అడుగుకు, అంటే ఛాసీకి, తీగ ఉంటాయి. ఆ కొక్కెంతో కండెన్సర్‌ను తాకాలి. ఏమైనా మిగిలి ఉంటే టప్‌మని దిగిపోతుంది. ఆ తర్వాతే చేయి. అది కూడా ఒక్క చేయి, రెండోది నడుముకు. రెండూ లోపల పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. నేను కొంగు చెక్కుకుని అందులో ఎడమ చేయి దోపేదాన్ని. బ్లీడర్ మోసం చేస్తే కర్ర కాపాడుతుంది, కర్ర మర్చిపోతే బ్లీడర్ కాపాడుతుంది. రెండూ ఒకే రోజు తప్పడం అరుదు. అరుదు అన్నాను, లేదు అనలేదు.

బీర్కూర్ మోటర్లు

నా మొదటి పెద్ద తప్పు మీకు పనికొస్తుంది కనుక రాస్తున్నాను. బీర్కూర్‌లో ఒక సైన్సు మాస్టరు ఉండేవాడు. పొద్దున మాట్లాడుతుంటే తన సెట్టు జారిపోతోందని తెచ్చాడు. అంటే ఒకచోట పెట్టిన స్టేషను అక్కడ నిలవదు, ముల్లు కదలకుండానే పక్కకు పోతుంది. నేను ఒక వాల్వు మార్చాను. దుకాణంలో బాగుంది. వారానికి మళ్ళీ తెచ్చాడు. ఇంకో వాల్వు మార్చాను. మూడోసారి మూడో వాల్వు. దుకాణంలో ఎప్పుడూ బాగానే ఉండేది.

నాలుగోసారి ఆయన సెట్టు తేలేదు. నేనే బస్సెక్కి బీర్కూర్ పోయి ఆయన ఇంట్లో సెట్టు ముందు కూర్చున్నాను. పొద్దున ఎనిమిది దాటాక ఇంట్లో బల్బు కొద్దిగా మసకబారింది. వెంటనే సెట్టులో గొంతు జారింది. మీ ఊళ్ళో పొలాల మోటర్లు ఏ వేళకు పెడతారని అడిగాను. "నా సెట్టుకు, వరిమడికి ఏం సంబంధమమ్మా?" అని మాస్టరు నవ్వాడు. సంబంధం అదే. మోటర్లన్నీ ఒకేసారి మొదలైతే వోల్టేజీ పడిపోతుంది, వాల్వు కడుపులోని వేడి తగ్గుతుంది, సెట్టు జారుతుంది. ఒక స్టెబిలైజర్ పెట్టించాను. అంతే.

సార్ మెచ్చుకుంటాడనుకున్నాను. "మూడు వాల్వులు మార్చినంక ఊరికి పోయినవా? వాల్వులు మార్చేటోడు మెకానిక్ గాదు, సామాన్లు అమ్మేటోడు" అన్నాడు. నిజమే. సెట్టు ఏ ఇంట్లో, ఏ కరెంటు మీద, ఏ వేళకు చెడుతుందో అడగకుండా స్క్రూలు విప్పకండి.

పోచారం వైపు నుంచి వచ్చిన సెట్టు ఇంకొకటి. స్టేషను వెతికే బిరడా తిప్పితే పేలాలు వేగినట్టు చప్పుడు. రెండు వారాలు మీటరు పట్టుకుని తిరిగాను. చివరికి అద్దం పెట్టి చూస్తే, బిరడాతో పాటు లోపల తిరిగే రేకుల సందులో కందిరీగ మట్టి గూడు కట్టుకుంది. అప్పటి నుంచి మొదటి రోజు మీటరు ముట్టుకోను. చూస్తాను, వాసన చూస్తాను, చెక్కపుల్లతో తట్టి వింటాను. ఇప్పటి పిల్లలు ఫొటో పంపి జవాబు అడుగుతారు. ఫొటోకు వాసన రాదు.

దారాలు

సెట్టు విప్పినప్పుడు ఏ తీగ ఎక్కడిదో గుర్తుకు సార్ చీటీలు రాసి అంటించేవాడు. నేను బీడీ దారాలు కట్టేదాన్ని. పచ్చ దారమంటే ఇది కొత్తది వేశాను. పసుపు అంటే అనుమానం, మళ్ళీ చూడాలి. ఎరుపు అంటే రెసిస్టర్ కొసన ఉండే తీగ కాలు ఒకటి ఊడదీసి ఎత్తాను, తిరిగి అతకాలి. రెసిస్టర్‌ను ఉన్నచోటే కొలిస్తే మీటరు అబద్ధం చెబుతుంది, అందుకే ఒక కాలు ఎత్తి కొలుస్తాం. అతికిన తర్వాతే దారం విప్పి ఒక రేకు డబ్బాలో వేసేదాన్ని. కట్టినవి ఎన్నో డబ్బాలో అన్ని ఉంటే సెట్టు మూయవచ్చు. పదిహేడేళ్ళు ఆ లెక్క తప్పలేదు.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు తన సెట్టు కోసం వచ్చాడు. చెప్పిన రోజు కంటే ముందే వచ్చాడు. పరదా తీసి ఉంది. బల్ల మీద సెట్టు బోర్లా పడి ఉంది, దానికి పదకొండు దారాలు వేలాడుతున్నాయి.

"ఏంటమ్మా, సెట్టుకు తాయెత్తులు కట్టారా? దిష్టి తగులుతుందనా?" అన్నాడు.

ఆయన నవ్వితే నాకు ఏమీ కాకపోయేది. సార్ కూడా నవ్వాడు. "ఆమెకు అక్షరాలు రావు సార్, గందుకే గిట్ల కట్టుకుంటది" అన్నాడు.

వాళ్ళిద్దరూ చాయ్ తాగడానికి బయటికి వెళ్ళారు. నేను కత్తెర తీసుకున్నాను. సెట్టు శుభ్రంగా కనిపించాలి, అంతే నా మనసులో ఉన్నది. నాలుగు దారాలు అప్పటికే అతికినవాటివే, అవి తెంపాను. ఆరింటిని గబగబా అతికి తెంపాను. పదకొండోది బ్లీడర్ కాలుది. అది వంగి, తన చోటును ఆనుకునే ఉంది. చూస్తే అతికినట్టే ఉంది. తెంపాను. దారాలు డబ్బాలో వేయలేదు, ఊడ్చి పారేశాను. ఆ ఒక్కరోజు లెక్క చూసుకోలేదు.

సార్ వచ్చి సెట్టు నిలబెట్టి ఆన్ చేశాడు. మా దుకాణంలో పరీక్షకు మాట గాలిలోకి పంపేవాళ్ళం కాదు, ఒక బల్బులోకి పంపేవాళ్ళం. సెట్టు బాగుంటే బల్బు వెలుగుతుంది. వెలిగింది. కానీ లోపల ఎక్కడో చిటచిటమంది. సార్ స్విచ్ ఆపి ప్లగ్గు పీకి లెక్క మొదలుపెట్టాడు. ఆయన పెదవులతో లెక్కపెడతాడు, దగ్గరుంటే వినిపిస్తుంది. నేను పరదా దగ్గరే ఉన్నాను. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. నేను విన్నాను.

కర్ర వేలాడే మేకు ఇంజనీరు కుర్చీ వెనక ఉంది. కర్ర తీయాలంటే ఆయన్ని లేవమనాలి. పెద్దమనిషి, ఇప్పుడే కూర్చున్నాడు. సార్ ఆ కుర్చీ వైపు ఒకసారి చూశాడు. లేవమనలేదు. చేయి లోపల పెట్టాడు.

ఆ చప్పుడు నేను రాయలేను. సార్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. అరచేతిలో రెండు చోట్ల కాలింది, మణికట్టు విరిగింది, కాసేపు ఊపిరి ఆడలేదు. ఇంజనీరు తన కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఐరన్ ఇంకా వేడిగానే ఉంది

దుకాణం మూయమని నన్ను వదిలి వెళ్ళారు. నేను మొదట కర్ర తీసి కండెన్సర్‌కు ఆనించాను. తర్వాత సెట్టు తిప్పి చూశాను. బ్లీడర్ కాలు వేలితో తాకితే కదిలింది.

సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడిగానే ఉంది. ఆ కాలు అతికేశాను. అతుకు బాగా వచ్చింది. మెరిసింది. నా జీవితంలో చేసిన అతుకుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

రెండు వారాలకు సార్ చేతికి కట్టుతో వచ్చాడు. ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆ సెట్టు దగ్గరకే. ఎడమ చేత్తో మీటరు పట్టుకుని బ్లీడర్ కొలిచాడు. బాగుంది. మళ్ళీ కొలిచాడు. కర్ర వాడకపోవడం తన తప్పేనని ఆయనకు తెలుసు, అది ఒప్పుకున్నాడు. ఆయనకు అర్థంకానిది ఇంకొకటి. బ్లీడర్ బాగుంటే నూరు తర్వాత కరెంటు ఎలా ఉంటుంది?

"నూరు అనుకున్న సాయవ్వా. ముప్పై కాడనే చెయ్యి పెట్టిన్నో ఏమో. నా బుద్ధి తప్పుతుంది" అన్నాడు.

నేను అప్పుడు చెప్పాల్సింది. నోటికి అక్షరాలు అక్కర్లేదు. చెబితే పని పోతుందని భయపడ్డాను, అది ఒకటి. ఆయన నవ్విన నవ్వు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, అది రెండోది. రెండోది ఒప్పుకోవడమే ఎక్కువ కష్టం.

ఆయన మేకు మీది కర్ర తీసి నా చేతికిచ్చి, ఇక నువ్వే చూసుకో అన్నాడు. ఆయన కూతురు సుజాత యెల్లారెడ్డిలో బట్టల దుకాణం నడుపుతుంది. వచ్చి తన ఇంటికి తీసుకుపోయింది. అప్పటి నుంచి పరదా తీసేసి నేనే చేశాను. జనం నన్ను మెకానిక్ అన్నారు. ఆ పేరు ఎలా వచ్చిందో నాకు తెలుసు.

యెల్లారెడ్డి

ఆయన రిపేరు మానేశాడు, అది సరే. మాట్లాడటం కూడా మానేశాడు. రోజూ పొద్దున ఏడింటికి నలుగురైదుగురు హామ్‌లు మాట్లాడుకునేవాళ్ళు, అందులో ఆయన గొంతు లేకుండా పోయింది. సెట్లు తెచ్చినవాళ్ళు ఆయన ఏమయ్యాడని అడిగేవాళ్ళు. బాగాలేదని చెప్పేదాన్ని.

ఏడాదికి రెండుసార్లు చూడబోయేదాన్ని. సుజాత మంచిది. తండ్రిని పువ్వుల్లో పెట్టి చూసింది. కానీ అద్దాలు ఎక్కడో పెట్టి వెతుక్కున్నా, ఎవరి పేరైనా తట్టకపోయినా, "బాపుకు ఆ దెబ్బకు ముందటి నుంచే యాది తప్పుతుంది సాయక్కా, గందుకే గంత పనైంది" అనేది. ఆయన ముందే అనేది. ఫ్యాను స్విచ్ వేయబోతే పిల్లలు పరుగెత్తుకొచ్చి తామే వేసేవాళ్ళు. మొదట్లో ఆయన కోప్పడేవాడు. తర్వాత తర్వాత స్విచ్ కావాలంటే తనే పిలవడం మొదలుపెట్టాడు. అందరూ చెబితే మనిషి నమ్ముతాడు. ఆయన ఇప్పుడు ఎనభై మూడేళ్ళ మనిషి, ఏ ఎన్నికల్లో ఎవరెవరు నిలబడ్డారో వరుసగా చెబుతాడు. అయినా తన లెక్క మీద తనకే నమ్మకం లేదు. చిల్లర ఇచ్చినా సుజాతతో ఎంచిస్తాడు.

ప్రతిసారీ నన్ను ఒకటే అడిగేవాడు. "కర్ర వాడుతున్నవా?"

వాడుతున్నా సార్ అనేదాన్ని. బస్సెక్కేదాన్ని.

రాయడం వచ్చాక కూడా ఏడాది ఎందుకు ఆగానో ఇప్పుడు మీకు తెలిసింది. దీన్ని వదిలేసి బీర్కూర్ మోటర్లు, కందిరీగ గూడు మాత్రమే రాసి పంపుదామని మూడుసార్లు మొదలుపెట్టాను. అది కాలు ఎత్తిన రెసిస్టర్ లాంటిదే. పైకి బాగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మి మీరు చేయి పెడతారు.

కొత్తవాళ్ళకు చెప్పేది ఇంతే. మీ గుర్తులు దారాలైనా, చీటీలైనా, ఎవరు నవ్వినా పని అయ్యేదాకా తీయకండి. తప్పు జరిగితే దాన్ని అలాగే ఉంచి చూపించండి. నేను అతికి దాచాను. ఒక మనిషి తన బుద్ధినే అనుమానిస్తూ ముసలివాడయ్యాడు.

ఇక్కడిదాకా రాసి నిన్న నోటుబుక్కు మూశాను.

పొద్దున

ఈ పొద్దున మొదటి బస్సుకు యెల్లారెడ్డి వెళ్ళాను. సార్ వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. పండుగ లేదు పబ్బం లేదు ఏంది వచ్చినవని అడిగాడు. నేను రాసింది చదువుతాను, మధ్యలో ఆపకండి అన్నాను.

"నువ్వు చదువుతవా? చదువు, ఇంటా" అని ముందుకు వంగాడు.

దారాల దగ్గర నుంచి చదివాను. వేలు పెట్టుకుని చదువుతాను, మెల్లగా పోతుంది. తాయెత్తుల మాట వచ్చినప్పుడు ఆయన తల దించుకున్నాడు. అయిపోయాక తన అరచేయి చూసుకున్నాడు.

"ఏ దిక్కు కాలు ఎత్తినవ్?"

"ఛాసీ దిక్కుది సార్."

"నూరు విన్నవా నువ్వు?"

"విన్న సార్. తొంభై తొమ్మిది కూడ విన్న."

ఆయన నన్ను తిట్టలేదు. పర్వాలేదని కూడా అనలేదు. నా వైపు చూడలేదు. ఇంట్లోకి తల తిప్పి కూతుర్ని పిలిచాడు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. సుజాత బియ్యం కడుగుతున్న చేతులతోనే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"కూసో. గిది విను" అన్నాడు ఆమెతో. తర్వాత నాతో, "ఆ కుర్చీ మాట కాడి నుంచి చదువు. మెల్లగ" అన్నాడు.

నేను పేజీ వెనక్కి తిప్పి, కర్ర వేలాడే మేకు ఉన్న వాక్యం వెతుక్కున్నాను. అక్కడ మొదలుపెట్టబోయి ఆగాను. దానికి పైన ఒక వాక్యం ఉంది, ఆమె వినాల్సింది అది. వేలు అక్కడ పెట్టి చదవడం మొదలుపెట్టాను. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు.